నేల విడిచిన సాము

కళాశాలలో చదువుకొనుచున్న మా మేనల్లుడొకడు వేసవి సెలవులకు వచ్చి, ఒకనాటి రాత్రి భోజనములైన పిదప ఇంటిల్లిపాదిని చుట్టును కూర్చుండబెట్టుకొని ఒక ప్రశ్న వేసెను. అదుపు తప్పిన ట్రాముబండి యొకటి వచ్చుచున్నది. ముందున్న పట్టాలమీద ఐదుగురు మనుష్యులు కట్టివేయబడి యున్నారు. నీ చేతి దగ్గరి మీటను లాగినచో బండి వేఱొక దారి పట్టును. ఆ దారిలో ఒక్కడే యున్నాడు. లాగుదువా, లాగవా? పిల్లలు తలకొక జవాబు చెప్పిరి. మా మేనత్తగారు మాత్రము, “వారిని కట్టివేసిన వారెవరురా అబ్బాయీ? కేక వేసినచో ఎవ్వరును రారా? ఆ మీట లాగినచో బండి యెటు పోవునో నాకెవరు చెప్పిరి?” అని మూడు ప్రశ్నలు తిరిగి వేసిరి. అందఱును నవ్విరి. మేనల్లుడు తన కాగితముమీద ఆమె పేరునకెదురుగా సున్న చుట్టెను. అతడు తెచ్చినది కాలక్షేపమునకైన పొడుపుకథ కాదట. మనుష్యుని వివేకమును కొలుచు సాధనమట.

ఆ సున్న పొందిన యామె భర్త పోయిననాటినుండి ముప్పదియేండ్లు ఏడెకరముల వ్యవసాయమును నడిపినది. దాయాదులతో రెండు వ్యాజ్యములు గెలిచినది. ముగ్గురు బిడ్డలను చదివించినది. అప్పు పెట్టి బావి త్రవ్వవలయునా, ఇంకొక యేడు ఓర్చుకొనవలయునా యను ప్రశ్నకు ఆమె చెప్పిన జవాబుమీద మా చిన్ననాటి యన్నము ఆధారపడి యుండెను.

మా తగవు ఆ పిల్లవానితో గాదు. వానికి ఆ కొలబద్దను చేతికిచ్చిన పండితలోకముతోను, అది నిజమైన కొలబద్దయే యని నమ్ము విద్యావంతులగు గృహస్థులతోను మా తగవు. ఎన్నడును సంభవింపని సందర్భమును కల్పించి, అందు నీవేమి చేయుదువని యడిగి, వచ్చిన జవాబునుబట్టి వీడు వివేకి, వీడు అవివేకి యని తీర్పు చెప్పుట అన్యాయమని మేము వాదింపదలచితిమి. “ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అని మనవారు నవ్వుదురు. పేరు పెట్టినవానిని చూచి నవ్వుట సరియే. ఇప్పుడు పేరు పెట్టనని కూర్చున్నవానిని చూచి నవ్వుచున్నారు.

ఈ జాతి ప్రశ్నలలో మిక్కిలి పేరుపడినది రెండు పెట్టెల ప్రశ్న. విలియం న్యూకోంబ్ అను అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు దీనిని కల్పింపగా, రాబర్ట్ నోజిక్ అను తత్త్వవేత్త 1969 లో ప్రకటించెను. 1973 లో మార్టిన్ గార్డ్‌నర్ ఒక విజ్ఞానమాసపత్రికలో దీనిని గూర్చి వ్రాయుటతో లోకమున కెక్కెను. కథ యిది. నీ యెదుట రెండు పెట్టెలున్నవి. గాజుపెట్టెలో వేయి డాలర్లు కంటికి కనబడుచున్నవి. మూతపెట్టెలో పది లక్షల డాలర్లైన నుండును, లేక ఏమియు లేకయైన నుండును. మూతపెట్టె నొక్కదానినే తీసికొనవచ్చును. లేదా రెండింటిని తీసికొనవచ్చును. మనుష్యుల యెంపికలను ముందుగనే తెలిసికొనగల ప్రాణి యొకటి, నీవు మూతపెట్టె నొక్కదానినే కోరుదువని తలచియున్నచో అందు సొమ్ముంచినది; రెండును కోరుదువని తలచియున్నచో ఖాళీగా నుంచినది. ఉంచి వెడలిపోయినది. ఇక పెట్టెలలోనిది మాఱదు. ఏమి చేయుదువు?

ఉన్నది యున్నది, లేనిది లేదు, కావున రెండును తీసికొనుటయే లాభమని కొందఱు. ఆ ప్రాణి యూహ తప్పదు గావున ఒక్కదానినే తీసికొనవలయునని కొందఱు. జనులు ఇంచుమించు సగము సగముగా చీలుదురనియు, ఒక సగము రెండవ సగమును మందబుద్ధులనుగా చూచుననియు నోజిక్ తానే గమనించి వ్రాసెను. ఏబదియేండ్లు దాటినను ఆ శాస్త్రమువారిలో ఏకాభిప్రాయము లేదు. న్యాయాధిపతులకే తెగని వ్యాజ్యమున ముద్దాయిని దోషి యనుట యేమి ధర్మము?

అంతకంటె పెద్ద యాక్షేపణము వేఱొకటి కలదు. అట్టి ప్రాణిని నమ్ముమని ప్రశ్నయే ఆజ్ఞాపించుచున్నది. మన వీథిగుమ్మములోనికి ఒకడు వచ్చి, మీరు రేపు చేయబోవునది నాకు నేడే తెలియునని చెప్పి రెండు పెట్టెలు ముందు పెట్టినచో, వివేకి చేయవలసిన మొదటి పని వాని ఊరు పేరు విచారించుట. సొమ్ము రెట్టింపు చేసి యిచ్చెదమని పెట్టెలతో వచ్చినవారు మన తెలుగునాట తక్కువవారు కారు. విచారింపక నమ్మి చీటీలు కట్టినవారి గోడు వినని యూరును లేదు. పరీక్ష ఆ విచారణనే మొట్టమొదట నిషేధించును. వివేకమును గుమ్మముకడ విడిచి లోపలికి రమ్మని, లోపలికి వచ్చినవానియందు వివేకమెంత యున్నదో తూచుట వంటిది యిది.

మేము ఊహకు శత్రువులము కాము. గెలీలియో 1638 లో ప్రకటించిన గ్రంథమున, పెద్ద రాయి చిన్న రాయికంటె వడిగా పడుననెడి అరిస్టాటిలు మతమును ఊహతోనే చీల్చెను. రెంటిని కలిపి కట్టినచో, చిన్నది పెద్దదానిని వెనుకకు లాగుట చేత ఆ కట్ట మెల్లగా పడవలెను. కట్ట బరువు అధికమగుట చేత వడిగాను పడవలెను. రెండును ఒక్కమాఱు కుదరవు. అక్కడ పరీక్షింపబడినది ఒక సూత్రము. ట్రాముబండి కథయు పుట్టుకలో అట్టిదే. 1967 లో ఫిలిప్పా ఫుట్ అను ఆంగ్లేయవిదుషి గర్భస్రావమును గూర్చిన ధర్మవిచారమున ఒక పాత సిద్ధాంతమును పరీక్షించుటకు దానిని దృష్టాంతముగా చూపెనే కాని మనుష్యులకు మార్కులు వేయుటకు గాదు. నిప్పు లేకున్నచో పొగయు లేకుండవలసినది గదా యను తర్కమును మన నైయాయికులును వాడిరి. అయినను దానిని ప్రమాణములలో చేర్చలేదు, ప్రమాణమునకు తోడ్పడునదిగా మాత్రమే యుంచిరి. కల్పితసందర్భము సూత్రమునకు ఒరగల్లు కాగలదు. అదే ఒరగల్లుమీద మనుష్యుని గీయుటయందే పొరపాటున్నది.

ఈ మార్పు ఎట్లు వచ్చినదో ఒక ఉదాహరణమువలన తెలియును. 1952 లో పారిసు నగరమున సంశయస్థితిలో మనుష్యుడు చేయు నిర్ణయములను గూర్చి పండితుల సభ యొకటి జరిగెను. మోరిస్ ఆలే అను ఫ్రెంచి యర్థశాస్త్రజ్ఞుడు అక్కడివారి నిట్లడిగెను. పది కోట్ల ఫ్రాంకులు నిశ్చయముగా వచ్చుట మేలా? లేక నూటికి 10 పాళ్లు ఏబది కోట్లును, 89 పాళ్లు పది కోట్లును వచ్చుటకును, 1 పాలు ఏమియు రాకుండుటకును అవకాశముండుట మేలా? చాలమంది నిశ్చయమైనదానినే కోరిరి. పిదప రెండవ ప్రశ్న: నూటికి 11 పాళ్లు పది కోట్లు వచ్చు నవకాశము మేలా, 10 పాళ్లు ఏబది కోట్లు వచ్చు నవకాశము మేలా? ఇక్కడ చాలమంది ఏబది కోట్లను కోరిరి. ఆనాటి నిర్ణయశాస్త్రము ప్రకారము ఈ రెండు జవాబులును ఒక్క వివేకియందు పొసగవు. ఆ శాస్త్రనిర్మాతలలో నొకడగు లెనర్డ్ సావేజియే ఈ తప్పు జవాబులను చెప్పెను!

ఆలే 1953 లో దీనిని ప్రకటించి, ఇంతమంది బుద్ధిమంతులు ఇట్లు కోరుచున్నారు గావున సూత్రమే లోపముగలదని వాదించెను. సావేజి ఆలోచించి, తన మొదటి కోరికయే తప్పని దిద్దుకొని, 1954 నాటి తన గ్రంథమున దాచక చెప్పెను. ఆయన నిజాయితీ మెచ్చదగినదే. కాని చెప్పు కఱచుచున్నదని కాలు చెక్కుకొనుటను మేము వివేకమనజాలము. నాటినుండి అనేకుల చేతులలో ఆ ప్రశ్న తలక్రిందులైనది. సూత్రమును పరీక్షించుటకు పుట్టినది జనులను పరీక్షించు ప్రశ్న యయ్యెను. పది కోట్ల ఫ్రాంకులు నిశ్చయముగా నిత్తుమని మనలో నెవ్వరిని ఎవరును అడుగబోరు. అడిగిననాడు మన మేమి చేయుదుమో మనకును తెలియదు.

ఈ యన్యాయమునకు మిక్కిలి స్పష్టమైన సాక్ష్యము మధ్యాసియాలో కలదు. దానిని కొంత విపులముగా చెప్పవలసియున్నది. అలెగ్జాండర్ లూరియా అను రష్యా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు 1931, 1932 సంవత్సరములలో ఉజ్బెకిస్తానమునకు పరిశోధకబృందముతో వెళ్లి, చదువురాని పల్లెవాండ్రను ఇట్లు ప్రశ్నించెను: మంచు కురియు దూరపుటుత్తరదేశమున ఎలుగుబంట్లన్నియు తెల్లనివి. నోవాయా జెమ్ల్యా దూరపుటుత్తరమున నున్నది. అక్కడి యెలుగుబంట్లు ఏ రంగువి? తెల్లనివని చెప్పుటకు పెద్ద చదువక్కఱలేదు. కాని అనేకులు ఆ మాట చెప్పలేదు. తాము నల్లయెలుగును చూచితిమనియు, తక్కినవాని నెఱుగమనియు, ఒక్కొక్క దేశమున ఒక్కొక్క విధమైన జంతువులుండుననియు, అక్కడికి పోయి చూచివచ్చిన వారిని అడుగవలసినదనియు వారు సమాధానము చెప్పిరి. కంటితో చూడని విషయమును గూర్చి మాటలాడుట తమ వాడుక కాదని కొందఱు స్పష్టముగా చెప్పిరి. ఈ జవాబులనుబట్టి, మాటలనుండియే నిర్ణయము తీయుబుద్ధి బడిచదువుతో గాని రాదని లూరియా తేల్చెను. ఆ పరిశోధనము రష్యను భాషలో 1974 లో గాని పూర్తిగ్రంథముగా వెలువడలేదు.

ఆ పల్లెవాండ్ర స్థితిని ఒక్కసారి తలచుకొనుడు. అవి సమష్టివ్యవసాయము పేర భూములను పశువులను ప్రభుత్వము కలిపివేయుచున్న దినములు. దొరతనమువారి ముద్రగల యొక క్రొత్తమనుష్యుడు రాజధానినుండి వచ్చి, కాగితము కలము పట్టుకొని, ఎవ్వరును చూడని దేశమును గూర్చి వారిచేత మాట చెప్పింప జూచుచున్నాడు. చూడనిది చెప్పను, చూచినవారి నడుగుడు అనుటకంటె వివేకమైన జవాబు ఆ కాలమున ఆ స్థలమున వేఱొకటి కలదా? ఇది మా యనుమానమే. వారి మనసులోనిది మాకు తెలియదు. కాని లూరియాకును తెలియదు గదా! పైగా స్వల్పముగ చదువుకొని సమష్టిక్షేత్రములలో పనిచేయుచున్న వారు అవే ప్రశ్నలకు సులభముగా జవాబు చెప్పిరని ఆయనయే వ్రాసెను. ఒకటి రెండేండ్ల చదువుతో క్రొత్త బుద్ధి పుట్టదు. బడిలో ఉపాధ్యాయుడు పెట్టిన మాటను ఊరక ఒప్పుకొని ముందుకు సాగుట యను నొక యాట యున్నది. ఆ యాట నియమములు వారికి తెలిసివచ్చినవి, అంతియే.

చిత్రమేమనగా, ఆ యుజ్బెకు రైతు మన నైయాయికుని సభలో నిలిచినచో ఇంత తేలికగా ఓడిపోయి యుండడు. గ్రీకుల అనుమానవాక్యమునకు అవయవములు మూడు. మన న్యాయశాస్త్రమున ఐదు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణము, ఉపనయము, నిగమనము. ఉదాహరణము చూపక వాదము ముందుకు నడువదు. కొండమీద పొగ యున్నది గావున నిప్పున్నదని చెప్పువాడు, పొగయున్న చోట నిప్పుండుటకు వంటయింటిని చూపవలయును. వంటయిల్లు వాదియు ప్రతివాదియు ఇద్దఱును ఎఱిగినది. “నీ తెల్లయెలుగునకు వంటయిల్లు ఏది?” అని ఆ రైతు అడిగినట్లయినది. (శాస్త్రములోనికి వంటయింటిని తెచ్చినవారే వంటయింటివారిని శాస్త్రమునకు దూరముగా నుంచుట వేఱొక చరిత్ర, దానిని మఱియొక మాసమున చూతము.)

డేనియెల్ కానిమన్, ఏమస్ ట్వర్‌స్కీ అను నిరువురు పండితులు 1979 లో ప్రకటించిన మహావ్యాసమున ఊహాప్రశ్నలనే వాడి, నిజసందర్భమున తామేమి చేయుదురో జనులకు సాధారణముగా తెలిసియే యుండుననియు, తమ కోరికలను దాచుటకు వారికి ప్రత్యేకకారణము లేదనియు సమర్థించుకొనిరి. 1981 లో వారు వేసిన ప్రశ్న బహుళప్రచారము పొందినది. ఒక వింతవ్యాధివలన 600 మంది చనిపోవుదురని తలంపుము. ఒక యుపాయమువలన 200 మంది బ్రదుకుదురు; ఇంకొక దానివలన మూడింట నొకపాలు అందఱును బ్రదుకుదురు, రెండుపాళ్లు ఎవ్వరును బ్రదుకరు. నూటికి 72 మంది మొదటిదానిని కోరిరి. అదే విషయమును వేఱొక గుంపునకు చావులెక్కలో చెప్పి, 400 మంది చత్తురు అనగా, నూటికి 78 మంది రెండవదానిని కోరిరి. మాటల పొందికయందు ఎంత మాయ యున్నదో చూపిన మేరకు ఇది గొప్ప పరిశోధనమే. దీనివలన మనుష్యుడు అవివేకి యని తేలినదనువారితో మాత్రము మేము ఏకీభవింపము. 200 మంది బ్రదుకుదురన్న మాటలో తక్కిన 400 మంది తప్పక చత్తురని లేదు. వినువాడు కనీసము 200 మంది యని గ్రహించిన నది భాషాజ్ఞానమే కాని దోషము కాదు.

వింతవ్యాధి 2020 లో నిజముగనే వచ్చినది. అప్పుడు ఏ మంత్రియెదుటను ఏ వైద్యునియెదుటను రెండుపాయములు లెక్కలతోసహా వ్రాసిన చీటి లేదు. ఎందఱికి సోకినదో తెలియదు, ఎందఱు పోవుదురో తెలియదు, నేడు చెప్పిన లెక్క రేపు నిలువదు. మన యిండ్లలో ముసలివారిని ఏ గదిలో నుంచవలెను, పనిమనిషికి జీతమిచ్చి రావలదనవలెనా, దూరపుటూరిలో చిక్కుకొన్న కొడుకును రమ్మనవలెనా, అక్కడనే యుండుమనవలెనా అనునవే ప్రశ్నలు. ఆ దినములలో వివేకమనగా లెక్కను శంకించుట, అడుగుట, ఆగుట, మరల దిద్దుకొనుట. కల్పితప్రశ్నయందు ఈ నాలుగింటికిని తావు లేదు. లెక్క యిచ్చినది దేవుడే యని ఒప్పుకొని ఒకే మాట చెప్పి లేచిపోవలెను.

మాటకును చేతకును ఎడమెంత యుండునో 1934 లో రిచర్డ్ లపియర్ అను అమెరికా సంఘశాస్త్రజ్ఞుడు చూపెను. చీనాదేశపు దంపతులతో ఆయన అమెరికాలో దూరప్రయాణములు చేసి, 251 హోటళ్లను భోజనశాలలను దర్శించెను. చీనావారిపై ద్వేషము ప్రబలిన కాలమయ్యును ఒక్కచోట మాత్రమే వారికి ప్రవేశము నిరాకరింపబడినది. ఆఱు నెలలు గడచిన పిదప, “చీనావారిని మీ యొద్ద చేర్చుకొందురా?” అని అవే స్థలములకు జాబులు వ్రాయగా, బదులు వ్రాసినవారిలో నూటికి తొంబదిమందికి పైగా చేర్చుకొనమనిరి. వారిని జాబునుబట్టి తూచవలెనా, పెట్టిన యన్నమునుబట్టి తూచవలెనా? జాబులో వచ్చినది ఎవ్వరో ఒక చీనావాడు, ముఖము లేనివాడు. గుమ్మమున నిలిచినవారు నవ్వుముఖముతో నున్న ఇద్దఱు మనుష్యులు.

ఇక మన రైతులసంగతి. పటానుచెరువునొద్ద 1972 లో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనసంస్థతో కలిసి పనిచేసిన హాన్స్ బిన్స్‌వాంగర్ అను నర్థశాస్త్రజ్ఞుడు, మహారాష్ట్రములోను నాటి ఆంధ్రప్రదేశములోను గల మెట్టపల్లెలలో 240 కుటుంబములవారిని పరీక్షించి 1980 లో ఫలితములు ప్రకటించెను. పేదరైతు నష్టభయముచేత క్రొత్తవిత్తనము వేయడు, ఎరువు వేయడు, అతడు వట్టి పిఱికివాడు అని పట్టణములలో వాడుక. దానిని తేల్చుటకు ఆయన రెండు మార్గములు పట్టెను. ఒకటి, ఇట్టి సందర్భము వచ్చినచో నీవేమి కోరుదువని ఊరక ప్రశ్నించుట. రెండవది, నిజమైన సొమ్ము పెట్టి, బొమ్మాబొరుసుమీద పందెమాడించి, గెలిచినదానిని రైతుచేతికే యిచ్చుట. ఎక్కువలో ఎక్కువ పందెము కూలివాని నెలసంపాదనను మించియుండెను. ఆలోచింపక ఆడునంత చిన్న మొత్తము కాదు.

ఫలితములు చూడదగినవి. ఊరక ప్రశ్నించి రాబట్టిన జవాబులు అడిగినవాని నీడ పడి వంకరపోయినవి. ఒక్కొక్క ప్రశ్నకుడు ఒక్కొక్క విధమైన జవాబులు తెచ్చెను. నిజమైన సొమ్ముతో తేలినదానికిని వీనికిని పొత్తే కుదురలేదు. సొమ్ము నిజమై, మొత్తము పెద్దదైనప్పుడు రైతులు దాదాపందఱును మితమైన జాగ్రత్తనే చూపిరి. ధనికుడని పేదయని చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. పేదవాడు ఎరువు వేయకుండుటకు కారణము వాని బుద్ధిలో గాక, అప్పు పుట్టకుండుట మొదలైన వెలుపలి చిక్కులలో వెదకవలసియున్నదని దీనివలన ఏర్పడినది. ఊరక ప్రశ్నించి యూరకుండినచో ఏమి జరిగెడిది? మన తెలుగురైతు స్వభావముచేతనే అవివేకియని ఒక శాస్త్రగ్రంథమున ముద్ర పడియుండెడిది. ముద్ర పడినవానికి అప్పు నిచ్చుటకంటె ఉపదేశము నిచ్చుట తేలిక. ఏ ప్రభుత్వమైనను తేలికదారినే పట్టును.

ఒక యాక్షేపణము రాగలదు. విమానము నడుపువారికి నేలమీది యంత్రములలో కల్పితప్రమాదములను చూపి శిక్షణ నిచ్చుచున్నారు గదా, వైద్యవిద్యార్థిని కల్పితరోగిని గూర్చి అడుగుచున్నారు గదా, అవియు తప్పేనా? తప్పు కాదు. అవి రేపు రాదగిన సందర్భములు. శిక్షితుడు మీటలు త్రిప్పి చూడవచ్చును, రోగిని మరల నడుగవచ్చును, తప్పినచో మొదటినుండి చేయవచ్చును. అది గోదాలో చేయు సాము. మేము కాదనుచున్నది నేల విడిచిన సామును.

సంభవింపని సందర్భములు రెండు విధములు. ప్రకృతిచేత సంభవింపనివి కొన్ని. ప్రాణి పెట్టిన పెట్టెలు అట్టివి. మనమే సంభవింపనీయక అడ్డుపడినవి కొన్ని. ఈ రెండవజాతి ప్రశ్నలు మన సంఘమున చేసిన హాని యింతింత కాదు. ఆడుపిల్లకు చదువు చెప్పింపక ముందే, చదువుకొన్నచో పరపురుషునకు జాబులు వ్రాయునని తీర్పు చెప్పిరి. ఆస్తి చేతికీయక ముందే, ఇచ్చినచో ఎవ్వడో మాయమాటలు చెప్పి కాజేయునని, ఆమె తెలిసికొనజాలదని తీర్పు చెప్పిరి. ఆ తీర్పునకు సాక్ష్యమేమి? “భూమి నీ పేర నున్నచో, నీ భర్త అడిగినచో, నీ యన్నదమ్ములు వలదన్నచో, ఏమి చేయుదువు?” అని గుమ్మము వెనుక నిలిచిన పదునాఱేండ్ల పిల్ల నడిగి, ఆమె నోరు మెదపకుండుటయే సాక్ష్యము. నేటికిని పెండ్లిచూపులలో ఇట్టి ప్రశ్నలు వినబడుచున్నవి. అత్తగారు ఒక మాట, మగడొక మాట చెప్పినచో నీవెవరి మాట విందువమ్మా యని అడుగుదురు. ఆమె ఏ జవాబు చెప్పినను తప్పే, చెప్పకున్నను తప్పే. అడిగినవారు మాత్రము పిల్ల తెలివిని పరీక్షించితిమని కాఫీ త్రాగి లేచిపోవుదురు.

సందర్భమును నిజముగా కల్పించి యిచ్చినచోట ఏమి జరిగినదో లోకమునకు తెలియును. మదరాసు రాజధానిలో స్త్రీలకు 1921 లో వోటుహక్కు వచ్చినది, సంసారములు కూలలేదు. ఉమ్మడికుటుంబపు టాస్తిలో కూతునకు సమానభాగమును ఆంధ్రప్రదేశము 1985 లో ఇచ్చినది, దేశమంతటికి 2005 లో వచ్చినది. 1993 నుండి పంచాయతీలలో మూడవవంతు స్థానములు స్త్రీలకు కేటాయింపబడగా, పశ్చిమవంగరాజస్థానములలోని పల్లెలను పరిశీలించి రాఘవేంద్ర చట్టోపాధ్యాయ, ఎస్తేర్ డుఫ్లో అను పండితులు 2004 లో వ్రాసినదేమనగా, స్త్రీ అధ్యక్షురాలైన పంచాయతీలు త్రాగునీటికి ఎక్కువ వ్యయము చేసినవి. ఆ సర్పంచులను ముందుగా కూర్చుండబెట్టి, నీకు పంచాయతీసొమ్ము చిక్కినచో ఏమి చేయుదువని ఊహాప్రశ్న వేసినచో ఏమి చెప్పియుందురో! బిందె మోసిన భుజమునకు ఆ జవాబు తెలియును, నోటికి తెలియకపోవచ్చును.

నిర్ణయశాస్త్రమువారిలోనే ఒకని చరిత్ర మాకు తఱచు జ్ఞప్తికి వచ్చును. డేనియెల్ ఎల్స్‌బర్గ్ 1961 లో, కుండలో 30 ఎఱ్ఱబంతులును, నలుపెన్నియో పసుపెన్నియో తెలియని 60 బంతులును ఉన్నచో దేనిమీద పందెము కాయుదురని అడిగి, సంశయమును గూర్చిన శాస్త్రమున ప్రసిద్ధుడయ్యెను. ఆయన యెదుటికి 1971 లో కుండ గాని బంతులు గాని లేని సంశయము వచ్చినది. వియత్నాము యుద్ధమును గూర్చి తన ప్రభుత్వము ప్రజలకు చెప్పిన యబద్ధములను బయటపెట్టు రహస్యపత్రములు ఆయన చేతిలో నుండెను. కారాగృహము తప్పదని తలచియే వానిని పత్రికల కిచ్చెను. వ్యాజ్యము నడచి, ప్రభుత్వము చేసిన యక్రమములవలన 1973 లో కొట్టివేయబడెను. ఆయన బుద్ధిని కొలుచుటకు 1961 నాటి బంతులు చాలునా?

మన రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11 వ తేదీన మొదటి వితంతువివాహము జరిగినప్పుడు, వెలికి వెఱచి వంటవారు నీళ్లవారు రాకుండగా, కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారు తామే నీళ్లు మోసి వంట చేసిరి. అంతకుముందు ఆమెను సభలో నిలిపి, ఊరంతయు నిన్ను వెలివేసినచో ఏమి చేయుదువని ఎవ్వరును పరీక్షింపలేదు. పరీక్షించినచో ఆమెయు, మా మేనత్తగారివలెనే, కట్టెలున్నవా, నూతికి చేద యున్నదా యని అడిగియుందురేమో.

మేనల్లుడు సెలవులు ముగించుకొని వెళ్లినాడు. వెళ్లుటకుముందు ఒక మధ్యాహ్నము, ఇంజనీరింగు మానుకొని వేఱొక చదువులో చేరుటకు తండ్రి యొప్పుకొనునా, ఒప్పుకొనకున్న నేమి చేయవలెనని మేనత్తగారి యొద్ద కూర్చుండి రెండు గంటలు మాటలాడినాడు. ఆమె ఆనాడును అనేకప్రశ్నలు వేసినట్లు వంటయింటిలోనుండి మాకు వినబడినది. ట్రాముబండిని గూర్చి ఆమె అడిగిన మూడు ప్రశ్నలకు మాత్రము అతడింకను జవాబు వ్రాయలేదు. సున్న చుట్టిన కాగితము మా బల్లమీదనే యున్నది.